సాక్ష్యం చెప్పే ముందు పరీక్ష చేయించుకోండి



ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం మనందరికీ ఇష్టమైనది. ఉద్యోగం దొరికినవారు, పరీక్ష ప్యాసైనవారు, ప్రమాదం తప్పినవారు లేచి నిలబడి దేవుణ్ణి స్తుతిస్తారు. సంఘమంతా ఆమెన్ అంటుంది. అయితే ఒక రకం సాక్ష్యం మాత్రం మా చెవిన పడినప్పుడల్లా మాకు గుండె ఝల్లుమంటుంది. "నాకు పదేళ్ల నుంచి షుగర్. కూడికలో ప్రార్థన చేయించుకున్నాను. ఆ రోజు నుంచి మాత్రలు మానేశాను. ఇప్పుడు నాకు ఏమీ లేదు" అని ఒకరు చెబుతారు. చప్పట్లు మోగుతాయి. ఆ చప్పట్ల మధ్య వెనుక వరుసలో కూర్చున్న మరో నలుగురు షుగర్ రోగులు ఏమనుకుంటారో మాకు తెలుసు. నాకు అంత విశ్వాసం లేదు కాబోలు, అందుకే ఇంకా మాత్రలు మింగుతున్నాను అనుకుంటారు. వారిలో ఒకరిద్దరు ఇంటికి వెళ్లి మాత్రల డబ్బా బీరువాలో పెట్టేస్తారు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. దేవుడు స్వస్థపరచలేడని మేము అనడం లేదు. ఈ ఆసుపత్రిలో ప్రతి ఉదయం పని ప్రార్థనతో మొదలవుతుంది. ఆపరేషన్ బల్ల మీద పడుకున్న రోగి కోసం ప్రార్థించాకే మత్తుమందు ఇస్తాం. కాబట్టి ప్రార్థన విలువ తెలియక మాట్లాడుతున్నామని ఎవరూ అనుకోవద్దు. మేము అడిగేది చిన్న విషయం. స్వస్థత కలిగిందని నమ్మినవారు ముందు వచ్చి పరీక్ష చేయించుకోండి. ఆ తర్వాత సాక్ష్యం చెప్పండి. డాక్టరు తగ్గించమంటేనే మాత్ర తగ్గించండి. సంఘ పెద్దలు కూడా ఈ పద్ధతిని ఒక కట్టుబాటుగా పెట్టుకోవాలని మా అభిప్రాయం.

ఇది మేము కల్పించిన పద్ధతి కాదు. లూకా సువార్తలో పదిమంది కుష్ఠరోగుల సంగతి సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఒక్కడే తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పాడని మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. దానికి ముందున్న సంగతిని మాత్రం త్వరగా దాటిపోతాం. యేసు వారిని మొదట పంపింది యాజకుల దగ్గరికి, తమను చూపించుకొమ్మని. ఎందుకు? లేవీయకాండము ప్రకారం చర్మం మీది మచ్చను పరీక్షించే బాధ్యత ఆ రోజుల్లో యాజకునిది. అనుమానం ఉంటే ఏడు రోజులు విడిగా ఉంచి, మళ్లీ చూసి, అప్పుడు శుద్ధుడని తేల్చేవాడు. అంటే స్వస్థపరచినవాడే పరీక్షకు కూడా పంపాడు. స్వస్థత నిజమైనదైతే పరీక్షలో అది నిలబడుతుంది. అలాంటప్పుడు రక్తపరీక్షకు భయపడటం దేనికి?

బీపీ, షుగర్ వంటి జబ్బుల్లో ఉన్న మోసం ఏమిటంటే అవి నొప్పి పెట్టవు. పన్ను నొప్పి అయితే మందు మానిన రాత్రే తెలిసిపోతుంది. బీపీ 170 ఉన్న మనిషి పొలం వెళ్లి రాగలడు, పాట పాడగలడు, మనవణ్ణి ఎత్తుకోగలడు. మాత్ర మానిన వారం తర్వాత కూడా అలాగే ఉంటాడు. నెల తర్వాత కూడా ఉండవచ్చు. "చూశారా, ఏమీ కాలేదు" అంటాడు. ఆ నెలలోనే సాక్ష్యం చెబుతాడు. కానీ రక్తనాళాల మీద, కిడ్నీల మీద, కంటి వెనుక పొర మీద జరిగే పని నెలల తరబడి, ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. ఎనిమిదో నెలలోనో రెండో ఏడులోనో ఒక తెల్లవారుజామున మూతి వంకర పోయి, కుడి చెయ్యి పడిపోయి, ఆటోలో ఆసుపత్రికి తీసుకువస్తారు. అప్పటికి సంఘం ఆ సాక్ష్యాన్ని మరచిపోయి ఉంటుంది. ఈ రెండో సంగతి చెప్పడానికి సాక్ష్యాల సమయంలో ఎవరూ లేవరు. అందుకే మానేసి బాగున్నవారి కథలే మన చెవుల్లో మిగులుతాయి, మానేసి పడిపోయినవారి కథలు వార్డులోనే ఆగిపోతాయి.

కొన్ని మందులు అంత కాలం కూడా ఆగవు. చిన్న వయసులో షుగర్ వచ్చి ఇన్సులిన్ మీదే బతికే పిల్లలకు సూది ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే వాంతులు, ఆయాసం మొదలై ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వస్తాయి. గుండెకు స్టెంట్ వేసినవారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర డాక్టరును అడగకుండా ఆపితే, ఆ స్టెంటే మూసుకుపోవచ్చు. గుండె కవాటం మార్పించుకున్నవారి సంగతీ అంతే. క్షయకు ఆరు నెలలు వాడవలసిన మందు రెండు నెలలకే దగ్గు తగ్గిందని ఆపేస్తే, ఈసారి మందులకు లొంగని క్షయ రావచ్చు. అది రోగితో ఆగదు. ఇంట్లో పిల్లలకు, గుడిలో పక్కన కూర్చున్నవారికి కూడా అంటవచ్చు.

ఇది కొద్దిమంది సంగతి కూడా కాదు. భారత వైద్య పరిశోధనా మండలి వారి దేశవ్యాప్త అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో షుగర్ వ్యాధి ఉన్నవారు 10 కోట్ల పైమాటే. పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా. మీ సంఘంలో రెండు వందల మంది పెద్దలు ఉంటే, వారిలో ఇరవై మంది వరకూ షుగర్ రోగులే అనుకోవచ్చు. ఒక్క సాక్ష్యం ఇంతమంది చెవిన పడుతుందన్నమాట.

"మందులు వాడితే విశ్వాసం లేనట్టే కదా" అని ఓ.పి.లో మమ్మల్ని అడిగేవారు ఉన్నారు. వారికి మేము హిజ్కియా రాజు సంగతి చెబుతాం. అతను మరణకరమైన రోగంతో మంచం పట్టి, గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు ఆ ప్రార్థన విన్నాడు, ఇంకో 15 సంవత్సరాలు ఆయుష్షు ఇస్తానన్నాడు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేదే. కానీ యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి ఆ పుండు మీద వేయించాడు. మాట ఇచ్చిన తర్వాత కట్టు కట్టించాడన్నమాట. మాటకూ కట్టుకూ మధ్య వైరం ఉన్నట్టు ఆ ప్రవక్తకు తోచలేదు.

పౌలు సంగతి చూడండి. ఎందరినో స్వస్థపరచిన అపొస్తలుడు, త్రోఫిము అనే తన తోటివాణ్ణి జబ్బుతో మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. అతనికి విశ్వాసం చాలలేదని ఒక్క ముక్క రాయలేదు. తిమోతికి తరచూ వచ్చే కడుపు జబ్బుకు ఆ రోజుల్లో వాడే మందే చెప్పాడు. కొంచెం ద్రాక్షారసం. (ఈ వచనాన్ని మా దగ్గర తాగుడు మాన్పించుకోవడానికి వచ్చినవారు మాకే వినిపిస్తుంటారు. కొంచెం అన్న మాటను, కడుపు కోసం అన్న మాటను వారు మింగేస్తారు.) ఇక పౌలు ప్రయాణాల్లో వెంట ఉన్న లూకా వైద్యుడన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మన తెలుగు ప్రాంతాలకు సువార్తతో పాటు వైద్యం తెచ్చినవారు కూడా ఈ రెండింటినీ విడదీయలేదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. పరదా చాటున ఉండే స్త్రీలను మగ డాక్టర్లకు చూపించని రోజులవి. 1898లో ఆమె ఆధ్వర్యంలో అక్కడ ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, పాదిరి అయిన ఆమె భర్త కలిసి కుష్ఠు రోగుల కోసం 1915లో మొదలుపెట్టిన ఆసుపత్రి మరో ఉదాహరణ. భర్త బోధకుడు, భార్య డాక్టరు. ప్రార్థన చేసే ఇల్లు, సూది వేసే ఇల్లు ఒక్కటే. ఆ రోజుల్లో ఉన్న మందు చాల్‌ముగ్రా నూనె. దాన్ని సూదితో ఎక్కించేవారు. బాగా నొప్పి పుట్టేది, ఫలితం అంతంత మాత్రం. అయినా రోగులు వారాల తరబడి, నెలల తరబడి వేయించుకున్నారు.

కుష్ఠు సంగతి ఎత్తాం కాబట్టి ఇంకొంచెం చెబుతాం. మందు పూర్తిగా వాడటం అంటే ఏమిటో ఈ జబ్బు చెప్పినంత బాగా మరొకటి చెప్పదు. 1980ల నుంచి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. జబ్బు రకాన్ని బట్టి 6 నెలలు లేదా 12 నెలలు. మచ్చ మాసిపోయినా, మాసిపోకపోయినా ఆ గడువు నిండాలి. అలా లక్షలాది మంది నెల నెలా వచ్చి మాత్రల అట్టలు తీసుకుని వాడబట్టే, 2005 డిసెంబరు నాటికి మన దేశంలో కుష్ఠు 10,000 మందికి ఒకరి కంటే తక్కువకు దిగింది. కొత్త కేసులు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, స్పర్శ లేని మచ్చ కనబడితే చూపించుకోవాలి. సువార్తల్లో పేరు పేరునా కనబడే ఆ రోగం మన కళ్ల ముందు తగ్గింది. అది దేవుని కార్యమే అని మేము నమ్ముతాం. అది మాత్రల అట్టల ద్వారా జరిగింది, అంతే.

మరి విశ్వాసం ఆరోగ్యానికి ఏమీ చేయదా అంటే, చాలా చేస్తుంది. కానీ అది పని చేసేది ఎక్కువగా రోజువారీ అలవాట్లలో. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉండే సెవెన్త్ డే అడ్వెంటిస్టు సంఘస్థుల మీద ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగాయి. మన నూజివీడులోని గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి ఆ సంఘం వారిదే. 2001లో ప్రచురించిన లెక్కల ప్రకారం ఆ సంఘపు మగవారు ఆ రాష్ట్రంలోని ఇతరుల కంటే సగటున 7 సంవత్సరాలు, ఆడవారు 4 సంవత్సరాలకు పైగా ఎక్కువ బతుకుతున్నారు. వారిలో పొగ తాగేవారు బహు తక్కువ. మద్యం ముట్టరు. చాలామంది మాంసం మానేసినవారు, లేదా తక్కువ తినేవారు. పల్లీలు, బాదం వంటి గింజలు తింటారు, నడుస్తారు, వారానికి ఒక రోజు పని పూర్తిగా ఆపుతారు. విశ్వాసమే వారి చేత ఈ పనులు చేయిస్తోంది, ఈ పనులు వారి ఆయుష్షును పెంచుతున్నాయి. వారి సిద్ధాంతాలన్నీ మనం ఒప్పుకోనక్కరలేదు. వారి కంచం వైపు మాత్రం ఒకసారి చూడవచ్చు.

మన సంఘాల్లోనూ ఇలాంటిది జరుగుతుంది. బాప్తిస్మం తీసుకుని సారా, బ్రాందీ మానేసినవారు ఎందరో. తాగుడు మానితే బీపీ దిగుతుంది, కాలేయం కోలుకుంటుంది, ఇంట్లో జీతం నిలుస్తుంది, భార్యాపిల్లలు తింటారు, నిద్రపోతారు. చుట్ట మానినవారికీ అంతే. ఉత్తరాంధ్ర పల్లెల్లో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వలు ఉన్నారు. ఆ అలవాటు వల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుంది. స్త్రీల సమాజం వారు ఇంటింటి ప్రార్థనలకు వెళ్లినప్పుడు ఈ ఒక్క మాట చెప్పి మాన్పించినా, ఒక ఆసుపత్రి చేసేంత పని చేసినట్టే. ఇలా అలవాట్లు మార్చుకుని బరువు తగ్గినవారికి నిజంగానే మాత్ర తగ్గించవలసి రావచ్చు, కొందరికి మాన్పించవచ్చు కూడా. అలా చీటీలో మాత్ర కొట్టివేసే రోజు మాకూ పండగే. అది కూడా స్వస్థతే. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష కాగితం చేతిలో పట్టుకుని ఆ సంగతి సంఘంలో చెప్పండి, మేము అడ్డుపడం.

కానీ మద్యం మానిన మనమే వేరే చోట జారిపోతున్నాం. మన విందుల సంగతి చెబుతున్నాం. క్రిస్మస్, ఈస్టర్, గుడి ప్రతిష్ఠ, కోతపండుగ, పెండ్లి, కృతజ్ఞత కూడిక, ఆదరణ కూడిక, ఏది జరిగినా బిర్యానీ, చికెన్, స్వీటు, కూల్‌డ్రింకు. పళ్లెంలో అన్నం కొండలా ఉంటుంది, కూర అంచున ఉంటుంది, ఆకుకూర అసలు ఉండదు. ఇంటి దగ్గర ఆవకాయ, అప్పడం, ఎండు చేపల పులుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి మనిషికి చెప్పిన ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక్క చిన్న చెంచా. మన పచ్చడి జాడీ ఆ లెక్కను ఉదయం టిఫిన్‌తోనే దాటించేస్తుంది. ఆవకాయ మానమని తెలుగువారికి చెప్పే ధైర్యం మాకు లేదు. నాలుకకు రాసుకునేంత చాలని, పచ్చడి వేసుకున్న ముద్దలో మళ్లీ ఉప్పు కలుపుకోవద్దని మాత్రం చెబుతాం. ప్రేమ విందులో ఒక గిన్నె కీరదోస, క్యారట్ ముక్కలు, ఒక గిన్నె ఆకుకూర పప్పు పెట్టడానికి తీర్మానం చేయడం సంఘ కమిటీకి పెద్ద పని కాదు.

ఆ విందు వండేది ఎవరన్నది కూడా చూడాలి. ఆదివారం విశ్రాంతి దినం అంటాం. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచి మాంసం కడిగి, మసాలా నూరి, పిల్లలకు తలస్నానాలు చేయించి, బట్టలు ఇస్త్రీ చేసి, గుడికి చేరేసరికి అలసిపోయి ప్రసంగంలో కునుకు తీసే అమ్మలను చూసి మనం నవ్వుతాం. వారికి మోకాళ్ల నొప్పులు, రక్తహీనత, బీపీ. విశ్రాంతి దినం ఇంట్లో సగం మందికే అయితే అది విశ్రాంతి దినం ఎలా అవుతుంది? ఆదివారం పూట పప్పు, పెరుగుతో సరిపెట్టుకునే ఇల్లు దేవుని దృష్టికి చిన్నదైపోదు.

ఇక ఉపవాసం. శ్రమల దినాల్లోను, శుక్రవారపు ఉపవాస కూడికల్లోను మా ఎమర్జెన్సీకి ఒక రకం కేసులు వస్తాయి. ఉదయం షుగర్ మాత్ర వేసుకుని లేదా ఇన్సులిన్ తీసుకుని, ఏమీ తినకుండా గుడికి వెళ్లినవారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ప్రమాదం తక్కువ. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ అయితే తిండి లేనప్పుడు షుగర్‌ను 70 కంటే కిందికి దించేస్తాయి. చెమటలు పడతాయి, వణుకు, గుండెదడ, ఆకలి, తర్వాత తికమక మాటలు, చివరికి స్పృహ తప్పడం. ఉపవాస కూడికలో ఒకరికి ఇలా వణుకు పుట్టి, పొంతన లేని మాటలు వస్తే చుట్టూ ఉన్నవారు ఆత్మ దిగివచ్చిందని స్తుతించే ప్రమాదం ఉంది, లేదా దయ్యం పట్టిందని గద్దించే ప్రమాదం ఉంది. ఆ కాసేపట్లో మెదడుకు చక్కెర అందక జరగరానిది జరిగిపోవచ్చు. షుగర్ రోగి అని తెలిస్తే ముందు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ప్రార్థన దానితో పాటే చేయవచ్చు.

ఇక్కడ మాకు కొంచెం సిగ్గు కలిగించే సంగతి ఒకటుంది. రంజాన్ నెల రావడానికి ముందే మా దగ్గరికి వచ్చే ముస్లిం సోదర సోదరీమణులు, సహరీ, ఇఫ్తార్ వేళలకు తగినట్టు మాత్రలు మార్చి రాయించుకుని వెళతారు. మన విశ్వాసులు శ్రమల దినాలకు ముందు అలా వచ్చి అడగడం అరుదు. ఈసారి భస్మ బుధవారానికి రెండు మూడు వారాల ముందే రండి. ఎవరు ఉపవాసం ఉండవచ్చు, ఎవరు ఒక పూట ఉండవచ్చు, ఎవరు అసలు ఉండకూడదు అన్నది మాట్లాడుకుందాం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఇన్సులిన్ మీద ఉన్నవారు, కిడ్నీ జబ్బువారు పూర్తి ఉపవాసం ఉండవద్దు. వారు టీవీ సీరియళ్లు మానవచ్చు, మాంసం మానవచ్చు, ఆ డబ్బు ఆకలిగొన్నవారికి ఇవ్వవచ్చు. యెషయా ప్రవక్త ఉపవాసం గురించి చెప్పిన అధ్యాయం చదివితే, దేవునికి ఇష్టమైన ఉపవాసం ఎక్కువగా అదేనని తెలుస్తుంది. ఉపవాసం విడిచేటప్పుడు కూడా మూడు గంటలకు ఒక్కసారిగా అన్నం, పాయసం మీద పడకుండా కొంచెం కొంచెంగా తినండి. ఆల్ నైట్ ప్రార్థనకు వెళ్లేవారు రాత్రి వేసుకునే మందు వెంట తీసుకువెళ్లండి.

మనసు జబ్బుల గురించి ఒక మాట. దిగులు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, చచ్చిపోతే బాగుండుననే ఆలోచన వచ్చినవారిని "ప్రార్థన తక్కువైంది" అని మందలించడం మన దగ్గర మామూలైపోయింది. ఏలీయా అంతటి ప్రవక్త బదరీ చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు అతనికి వెంటనే ప్రసంగం చేయించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ మీద. దిగులుతో ఉన్న మనిషికి మొదట కావలసింది తిండి, నిద్ర, పక్కన ఒక మనిషి, అవసరమైతే మందు. టెలీమానస్ అనే ప్రభుత్వ సేవ 2022 నుంచి ఉంది. 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు గుడి నోటీసు బోర్డు మీద రాసిపెట్టండి.

కాపరులకు, దైవసేవకులకు మా మనవి. అయ్యగారూ, మా చీటీ కంటే మీ మాటకే రోగులు ఎక్కువ విలువ ఇస్తారు. మేము పది నిమిషాలు చెప్పినదాన్ని మీరు ఒక్క వాక్యంతో నిలబెట్టగలరు, ఒక్క వాక్యంతో పడగొట్టగలరు. రోగి తల మీద చేయి పెట్టి ప్రార్థించాక, "మాత్రలు మానవద్దమ్మా, డాక్టరును అడిగే వరకూ వేసుకో" అని మీరే అనండి. "విశ్వాసం ఉంటే మందులెందుకు" అని ఎవరైనా వేదిక మీద అంటే, ఆ కూడిక ముగిసేలోగా దాన్ని సరిదిద్దండి. మీలో బీపీ, షుగర్ ఉన్నవారు ఉన్నారు. వారు రహస్యంగా మాత్రలు వేసుకోనక్కరలేదు. "నేను కూడా రోజూ ఒక మాత్ర వేసుకుని ప్రభువుకు వందనాలు చెబుతాను" అని పాస్టరుగారు ఒక ఆదివారం అంటే, వెనుక వరుసలోని ఆ నలుగురు తల ఎత్తుకుని ఇంటికి వెళతారు.

రోజూ మాత్ర గుర్తుండటం లేదని చాలామంది అంటారు. కుటుంబ ప్రార్థన ఉన్న ఇంటికి ఆ సమస్య ఉండనక్కరలేదు. మాత్రల డబ్బా బైబిలు పక్కన పెట్టుకోండి. ఉదయం వేసుకోవలసినది ఉదయ ప్రార్థన తర్వాత, రాత్రిది రాత్రి ప్రార్థన తర్వాత. భోజనానికి ముందు వేసుకోవలసిన మాత్రలైతే భోజన ప్రార్థన ఉండనే ఉంది. డబ్బా పిల్లల చేతికి అందకుండా చూసుకోండి. ఇన్సులిన్ మాత్రం బైబిలు పక్కన వద్దు. ఫ్రిజ్ తలుపు అరలోనో, ఫ్రిజ్ లేని ఇంట్లో చెమ్మగా ఉండే మట్టికుండలో పెట్టిన డబ్బాలోనో ఉంచాలి.

మా ఆసుపత్రి నర్సులు అనేకులు మీ మీ సంఘాల సభ్యులే. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన తర్వాత అరగంట ఒక బల్ల వేసి బీపీ చూడటానికి వారు సిద్ధంగా ఉన్నారు. డిజిటల్ బీపీ మిషను స్త్రీల సమాజం కానుకలతో కొనగలిగేదే. అంకె 140/90 దాటినవారి పేరు, అంకె ఒక నోటు పుస్తకంలో రాసి, మరో రోజు మళ్లీ చూసి, అప్పటికీ ఎక్కువ ఉంటే మా దగ్గరికి పంపండి. ఆ పుస్తకం నర్సు దగ్గరే ఉండాలి, దాన్ని గుడిలో చదివి వినిపించకూడదు. ఒక సంగతి గుర్తుంచుకోండి. చప్పట్లు కొట్టి పాటలు పాడి వచ్చినవారికి వెంటనే కొలిస్తే అంకె ఎక్కువే చూపిస్తుంది. టీ తాగకముందే పిలిచి, కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనేలా కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడనివ్వకుండా ఉంచి, అప్పుడు చేతికి పట్టీ కట్టాలి.